నల్లరాతి సీమలు



కిందటి వారం అగ్నిపర్వతాల పాఠం ముగిసిన తరువాత ఆరో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "సార్, మన కువైట్‌లో అగ్నిపర్వతం ఉందా?" అని అడిగింది. వెనక బల్ల మీది పిల్లవాడు ఊరుకోలేదు. "ఇక్కడ కొండే లేదు, అగ్నిపర్వతం ఎక్కడిది!" అన్నాడు. అందరూ నవ్వారు. కాని అది నవ్వి వదిలివేయదగిన ప్రశ్న కాదు. అందుకే ఈనాడు మీతో ఆ విషయమే మాట్లాడదలచాను.

ముందు ఆ పిల్లవాడి మాట చూద్దాం. కొండే లేదనడం పూర్తిగా సరికాదు. కువైట్ అఖాతానికి ఉత్తరపు ఒడ్డున జాల్ అజ్జోర్ అనే గట్టు ఒకటి ఉన్నది. దాని ఎత్తు సుమారు 145 మీటర్లు. జహ్రా దాటి ముత్లా వైపు వెళ్ళినవారు దానిని చూచే ఉంటారు. నల్లమల కొండలు చూచిన కంటికి అది కొండగా ఆనదు గాని, చుట్టూ చదునైన ఈ నేలలో అదే మనకు గొప్ప. అది ఇసుక, మట్టి పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడి ఏర్పడిన గట్టు. అందులో నిప్పు పని ఏమీ లేదు. కాబట్టి, అమ్మాయీ, కువైట్‌లో అగ్నిపర్వతం లేదు.

అయితే కువైట్ ఒక పెద్ద ద్వీపకల్పానికి ఒక మూల మాత్రమే. పటం తీసి అరేబియా పడమటి అంచు చూడండి. ఎర్రసముద్రం వెంబడి యెమెన్ నుంచి సిరియా దాకా అక్కడక్కడ నల్లని మచ్చలవంటి ప్రదేశాలు కనిపిస్తాయి. అవి ఒకనాడు లావా పారి, చల్లారి, గడ్డకట్టిన నేలలు. అరబ్బీలో అట్టి నేలను హర్రా అంటారు. ఒక్క సౌదీ అరేబియాలోనే ఇట్టి హర్రాలు పదికి పైగా ఉన్నాయి. ఆఫ్రికా నుంచి అరేబియా మెల్లమెల్లగా విడిపోతున్నది. ఆ చీలికలోనే ఎర్రసముద్రం నిండింది. ఆ కదలికల వల్ల లోపలి శిలాద్రవం నేల బీటల గుండా పైకి తన్నుకొని వచ్చింది.

ఇవి చచ్చిపోయిన అగ్నిపర్వతాలా, నిద్రపోతున్నవా అని మీరు అడగవచ్చు. నిద్రపోతున్నవే. 1256వ సంవత్సరంలో మదీనా నగరానికి చేరువలో నేల కొన్ని రోజులపాటు కంపించి, ఆపై పగిలి లావా వెళ్ళగక్కింది. యాభైరెండు రోజులు ఆగకుండా పారింది. ఆ నిప్పుటేరు పొడవు ఇరవైమూడు కిలోమీటర్లు. నగరాన్ని చేరకుండానే ఆగింది. ఆనాటివారు దానిని గూర్చి వ్రాసి ఉంచారు. ఇక మన కాలంలోకి వస్తే, 2009లో అల్ ఈస్ పట్టణం దగ్గర హర్రత్ లునయ్యిర్ అనే చోట వేలకొద్ది చిన్న భూకంపాలు వచ్చాయి. మే నెలలో వచ్చిన పెద్దది రిక్టరు కొలత మీద 5.4. ఎనిమిది కిలోమీటర్ల పొడవున నేల చీలింది. ప్రభుత్వం ముందు జాగ్రత్తగా దాదాపు నలభైవేల మందిని ఊళ్ళు ఖాళీ చేయించింది. లోపల శిలాద్రవం పైకి రాబోయి, పైపొరకు కొంచెం కిందనే ఆగిపోయింది. జనం తిరిగి ఇళ్ళు చేరారు.

ఇప్పుడు మీకు తెలియవలసిన అసలు సంగతి. ఆ నల్లరాతి సీమలకు ఈనాడు విహారయాత్రికులు వెళుతున్నారు. కువైట్ నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దారి. కొందరు తల్లిదండ్రులు సెలవుల్లో కారులో అంతదూరమూ వెళుతున్నారని విన్నాను. మీలో ఎవరైనా వెళితే ఏమి చూడాలి, ఎట్లా నడవాలి అన్నది చెబుతాను. వెళ్ళనివారికీ పనికివస్తుంది, ఎందుకో తరువాత తెలుస్తుంది.

అన్నిటిలోను ముందు చెప్పవలసినది అల్ వహ్బా. తాయిఫ్ నగరానికి ఈశాన్యంగా, హర్రత్ కిష్బ్ అనే లావా మైదానం అంచున ఉన్నది. చదునైన నేల మీద నడుస్తూ ఉంటారు. ఉన్నట్టుండి కాలి ముందు నేల లేదు! రెండు కిలోమీటర్ల వెడల్పు, 250 మీటర్ల లోతు గల గుండ్రని బిలం. అడుగున తెల్లని లవణం పాలు పోసినట్టు పరచుకొని ఉంటుంది. మన కువైట్ టవర్స్‌లో పెద్దదాని ఎత్తు 187 మీటర్లు గదా. దానిని తెచ్చి ఆ బిలంలో నిలబెడితే దాని కొన గట్టు అంచును అందుకోదు. ఇప్పుడు ఊహించుకోండి.

ఇంత గుంట ఎట్లా ఏర్పడింది? అక్కడివారు చెప్పుకొనే కథ ఒకటి ఉన్నది. తమియా అనే కొండ, ఖతన్ అనే మరొక కొండను మెరుపు వెలుగులో చూచి మోహించిందట. ఉన్నచోటు నుంచి ఊడి లేచి అతని దగ్గరకు ఎగిరిపోయిందట. ఆమె లేచిపోయిన చోటే ఈ గుంట. మన పురాణాలలో కొండలకు రెక్కలుండేవనీ, ఇంద్రుడు వాటిని నరికాడనీ విన్నారు గదా. ఎంత దూరపు మనుషులైనా కొండను చూచినప్పుడు ఒకే తీరుగా ఊహిస్తారు కాబోలు!

శాస్త్రజ్ఞులలో కొందరు మొదట దీనిని ఆకాశం నుంచి ఉల్క పడి చేసిన గుంట అనుకొన్నారు. పరీక్షించి చూడగా అది కాదని తేలింది. కింది నుంచి వస్తున్న శిలాద్రవం భూగర్భజలాన్ని తాకింది. నీరు ఒక్కసారిగా ఆవిరి అయితే ఏమవుతుంది? మూత బిగించిన కుక్కరు సంగతి మీ అమ్మగారిని అడగండి. ఆ ఆవిరి పేలుడుతో నేల ఎగిరిపోయింది.

సరిగ్గా దీనికి ఎదురు కథ మన పొరుగున మహారాష్ట్రలో ఉన్నది. బుల్దాణా జిల్లాలోని లోణార్ సరస్సు. దాదాపు ఇంతే వెడల్పు, ఇట్లాగే గుండ్రన. చుట్టూ అంతా అగ్నిపర్వతపు నల్లరాయి. కాబట్టి అది అగ్నిపర్వత బిలమే అని చాలాకాలం అనుకొన్నారు. 1970లలో అక్కడి రాళ్ళను పరీక్షిస్తే, విపరీతమైన తాకిడికి మాత్రమే ఏర్పడే గాజువంటి పదార్థం దొరికింది. అది ఉల్క చేసిన గుంట! ఒకచోట ఉల్క అనుకొన్నది అగ్ని అయింది, మరొకచోట అగ్ని అనుకొన్నది ఉల్క అయింది. రెండింటి సంగతీ తేల్చినది ఆకారం కాదు, చేతిలోకి తీసుకొని పరీక్షించిన రాయి. పరీక్షలో వ్రాయడానికి కాదు గాని, ఈ జంటకథ మీకు గుర్తుంటే నాకు సంతోషం.

అల్ వహ్బాలో దిగడానికి కాలిబాట ఉన్నది. దిగడం సులువు. అందులోనే ఉన్నది మోసం! ఇంట్లో మేడమెట్లు ఎక్కి అలసిపోతే నిలబడిపోతాము, లేదా వెనక్కి దిగిపోతాము. కొండ ఎక్కడంలో కూడా అంతే. కాని బిలంలో వరుస తిరగబడుతుంది. ఒళ్ళు చురుకుగా ఉన్నప్పుడు దిగుతారు, అలసిన తరువాత ఎక్కాలి. ఎండ కూడా అప్పటికి ముదురుతుంది. నల్లరాయి ఎండను పీల్చి వేడిని మళ్ళీ మన మీదికే వదులుతుంది. అందువల్ల నీళ్ళను మూడు వంతులుగా అనుకోవాలి. దిగడానికి ఒక వంతు, ఎక్కడానికి రెండు వంతులు. సీసాలో సగం అయిపోయిందంటే అడుగు కనబడుతున్నా సరే, వెనక్కి తిరగవలసిందే. అడుగున ఉన్న ఆ తెల్లదనం వాన పడిన తరువాత బురద. కాలు దిగబడుతుంది. దూరం నుంచి ఎండిన ఉప్పులాగే కనబడుతుంది. పెద్దవారు ముందు నడవాలి.

ఎండను గురించి కువైట్ పిల్లలకు చెప్పనక్కరలేదు అనుకొంటారేమో. 2016 జూలై 21న మన మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచంలో నమ్మదగిన కొలతలలో అది మిక్కిలి ఎక్కువైన వాటిలో ఒకటి. కాని మీరు ఆ ఎండను ఇంట్లో చల్లని గదిలో నుంచి, కారు అద్దంలో నుంచి చూస్తున్నారు. నిలువ నీడ లేనిచోట నడవడం వేరు. మీ నాన్నగారలలో ఎండలో పనిచేసేవారు ఉన్నారు. వారిని అడిగితే నాకంటె బాగా చెబుతారు.

ఇక ఖైబర్ హర్రా. అక్కడ పక్కపక్కనే రెండు రకాల కొండలు ఉన్నాయి. జబల్ ఖిద్ర్ నల్లనిది. జబల్ అబ్యద్ పేరుకు తగ్గట్టు తెల్లనిది. అబ్యద్ అంటే తెలుపని మీకు నేను చెప్పాలా, బడిలో అరబ్బీ చదువుతున్నారు గదా! దాని శిఖరం సముద్రమట్టానికి 2,093 మీటర్లు. నలుపు పలుచని లావా నుంచి వచ్చింది. తెలుపు చిక్కని, సిలికా ఎక్కువ గల లావా నుంచి వచ్చింది. పలుచని పులుసు పళ్ళెంలో ఎట్లా పారుతుంది, ముద్దపప్పు ఎట్లా నిలుస్తుంది? అంతే తేడా.

ఆ హర్రాలోనే ఉమ్ జిర్సాన్ అనే గుహ ఉన్నది. పొడవు దాదాపు కిలోమీటరున్నర. మన రాయలసీమ పిల్లలు బెలుం గుహలు చూచి ఉంటారు. బెలుం గుహలు నీరు చేసినవి. సున్నపురాయిని నీరు వేల ఏళ్ళు కరిగించి తొలిచింది. ఉమ్ జిర్సాన్ నిప్పు చేసినది. లావా ఏరుగా పారుతున్నప్పుడు పైభాగం గాలి తగిలి మీగడలా గట్టిపడింది. లోపలిది పారుతూనే పోయింది. చివరకు లోపలిదంతా ఖాళీ అయి సొరంగం మిగిలింది. 2021లో శాస్త్రజ్ఞులు దాని లోపల గుట్టలు గుట్టలుగా ఉన్న జంతువుల ఎముకలను గూర్చి ప్రకటించారు. వాటిని లోపలికి ఈడ్చుకొని వచ్చినది చారల దుమ్ములగొండి అని వారి నిర్ణయం. తెలుగులో దుమ్ము అంటే ధూళి ఒక్కటే కాదు, ఎముక అని కూడా అర్థం. శాస్త్రజ్ఞులు ఎంతో శ్రమపడి తేల్చిన సంగతి మన పూర్వులు ఆ జంతువు పేరులోనే పెట్టారు చూచారా! 2024లో మరొక పరిశోధన వచ్చింది. ఏడువేల ఏళ్ళ క్రితం నుంచి కాపరులు తమ మందలతో ఆ గుహలో తలదాచుకొంటూ వచ్చారట. వేసవిలో ఎండకు చల్లని నీడ. వారికి అది విహారం కాదు, ఇల్లు.

ఖైబర్, అల్ ఉలా ప్రాంతాలలో రాళ్ళు పేర్చి కట్టిన పొడవాటి దడులు వేయికి పైగా ఉన్నాయి. వీటిని ముస్తతీల్ అంటారు. అంటే దీర్ఘచతురస్రం. ఇవీ సుమారు ఏడువేల ఏళ్ళనాటివే, ఈజిప్టు పిరమిడ్ల కంటె పాతవి. దగ్గర నుంచి చూస్తే మోకాలెత్తు రాళ్ళ వరుసలాగా ఉంటాయి. అక్కడే పిల్లలతో ప్రమాదం. రాళ్ళు కనబడితే ఒకదాని మీద ఒకటి పేర్చి ఫొటో తీసుకోవడం మీకు సరదా. ఆ రాయి ఎక్కడిది? ఏడువేల ఏళ్ళుగా కదలని గోడలోది. మీరు తిరిగి పెట్టినా అది ఇక ఆ గోడ కాదు. హర్రాలో మాత్రం రాయిని చూడండి, తాకండి, ఉన్నచోటనే ఉంచండి.

కువైట్ ఎడారిలో వస్తువు ముట్టరాదనడానికి మరొక కారణం ఉన్నది, ఇంతకంటె గట్టిది. 1990-91 యుద్ధంలో ఈ ఇసుకలో పాతిన మందుపాతరలు, పేలకుండా మిగిలిన గుండ్లు లక్షలలో తీసివేశారు. అయినా ఇసుక జరిగినప్పుడు, వాన కోసినప్పుడు ఇప్పటికీ ఒక్కొక్కటి బయటపడుతున్నది. గుడారం దగ్గర ఆడుకొనేటప్పుడు వింత ఆకారం గల లోహపు వస్తువు కనబడితే దగ్గరకు పోవద్దు, రాయి విసరవద్దు, వచ్చిన దారినే వెనక్కి వచ్చి పెద్దలకు చెప్పండి. మీలో చిన్నవారు ఇది ఇంట్లో ఒకసారి చెప్పి వినిపించాలి. వచ్చే వారం అడుగుతాను.

ఇక వేసవికి ఇంటికి వెళ్ళినప్పటి మాట. అక్కడ కొండ ఎక్కడానికి టికెట్టు అక్కరలేదు. మన తెలుగునేలలో కూడా అగ్ని చేసిన చోట్లు ఉన్నాయని మీలో ఎంతమందికి తెలుసు?

సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం పడమటి కనుమల వైపు నేల బీటలు వారి లావా పొరలు పొరలుగా పారింది. కొండ పేలినట్టు పేలలేదు, ఏరు పొంగినట్టు పొంగింది. నేటికి మిగిలినదే అయిదు లక్షల చదరపు కిలోమీటర్లు. ఆ పొరలు మెట్లమెట్లుగా కనబడతాయి కనుక, స్వీడిష్ భాషలో మెట్లు అనే అర్థం గల మాట నుంచి దక్కను ట్రాప్స్ అని పేరు వచ్చింది. ఆదిలాబాదు పత్తిచేల నల్లరేగడి ఆ రాయి చివికి అయిన మట్టే. వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలలో కింద ఆ నల్లరాయి, పైన అదే రాయి చివికి ఎర్రబడిన పొర. మూసీనది అక్కడే పుడుతుంది. హైదరాబాదు నుంచి సెలవురోజున వందలమంది అక్కడ నడవడానికి వస్తారు. అంతమంది వచ్చి ప్లాస్టిక్ సంచులు నది పుట్టినచోటనే వదిలిపోతున్నారు. ఇంతకంటె నేను చెప్పను.

గోదావరి జిల్లాల పిల్లలు వినండి. రాజమహేంద్రవరం పక్కన కాతేరు, ఏరు దాటితే పంగిడి, గౌరీపట్నం. అక్కడ కొట్టే నల్లకంకర కూడా ఆనాటి లావాయే! పడమటి నుంచి నదీలోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి, అప్పటి సముద్రతీరాన్ని చేరిందని శాస్త్రజ్ఞులు పలువురు అంటున్నారు. అదే నిజమైతే ప్రపంచంలో అంత పొడవైన లావా ప్రవాహం మరొకటి తెలియదు. రెండు లావా పొరల నడుమ సున్నపురాతి పొర ఉన్నది. అందులో నత్తగుల్లలు శిలాజాలై ఉన్నాయి. ఒక పొర పారి చల్లారింది, దాని మీదికి నీరు వచ్చింది, గుల్లలు బ్రతికాయి, మళ్ళీ నిప్పు పారింది. ఆ రాతిగోడను అడ్డంగా చూస్తే ఈ కథంతా వరుసగా కనబడుతుంది.

కాని చూచేటప్పుడు ఒక హద్దు. పాత క్వారీ గుంటలలో నీరు నిలిచి ఉంటుంది. పచ్చగా, చెరువులాగా, చాలా అందంగా ఉంటుంది. చెరువుకు ఒడ్డు మెల్లగా దిగుతుంది. క్వారీ గుంటకు ఒడ్డే లేదు, మొదటి అడుగే ఇరవై ముప్పై అడుగుల లోతు. అంచున రాయి నున్నన. నేను పనిచేసిన ఒక ఊళ్ళో ఎనిమిదో తరగతి పిల్లవాడు, మంచి ఈతగాడు, అట్టి గుంటలో దిగి మళ్ళీ రాలేదు. ఈత రాక కాదు, ఎక్కి రావడానికి పట్టు దొరకక. అతని హాజరు పట్టీలో పేరు కొట్టివేయవలసి వచ్చిన రోజు నాకు మాట పెగల్లేదు. గోడను దూరం నుంచి చూడండి. నీటిలోకి మాత్రం వద్దు.

అన్ని కొండలూ అగ్నిపర్వతాలని కూడా అనుకోవద్దు. గోలకొండ కోట ఉన్నది గ్రానైటు కొండ. అది భూమి లోపలే నెమ్మదిగా చల్లారి, పైనున్నదంతా చివికిన తరువాత బయటపడ్డది. గండికోట లోయను చూచినవారు అక్కడ ఏదో పేలింది అనుకొంటారు. ఏమీ పేలలేదు. పెన్నానది ఓపికగా కోసింది.

ఇక కడప వైపు పిల్లలు మొహం చిన్నబుచ్చుకొంటున్నారు, మాకేమీ లేదా అని. మీకే అందరికంటె పాతది ఉన్నది. పులివెందుల ప్రాంతంలో సున్నపురాతి పొరల మధ్యకు చొచ్చుకొనివచ్చిన శిలాద్రవం వయస్సు సుమారు 190 కోట్ల ఏళ్ళు. రైల్వే కోడూరు దగ్గర మంగంపేట ఉన్నది. రేణిగుంట నుంచి కడపకు రైలులో పోయేటప్పుడు ఓబులవారిపల్లె స్టేషను వస్తుంది, అక్కడికి చేరువ. ఆ నేలలో ముగ్గురాయి అనే బరైటీస్ నిక్షేపం ఉన్నది. ఒకేచోట ఇంత పెద్ద నిక్షేపం ప్రపంచంలో మరెక్కడా లేదని ప్రసిద్ధి. దానితో పాటు అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి రాయి అయిన పొరలు ఉన్నాయి.

ముగ్గురాయి పేరుకు తేలికగా ఉన్నా రాయి మాత్రం బరువు. మామూలు రాయి నీటికి రెండున్నర, మూడు రెట్లు బరువైతే ఇది నాలుగున్నర రెట్లు. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి వాయువు ఎగదన్నకుండా బావిలో బరువైన బురద పోస్తారు. ఆ బురదకు బరువు ఇచ్చేది ఈ ముగ్గురాతి పొడే. మంగంపేట పొడి ఓడలెక్కి గల్ఫ్ దేశాలకు కూడా వస్తున్నది. మీలో ఎవరి నాన్నగారైనా చమురు బావుల దగ్గర పనిచేస్తూ ఉంటే, ఈ రాత్రి భోజనాల దగ్గర బరైట్ సంచుల సంగతి అడిగి చూడండి. సంచి మీద ఊరి పేరు ఉంటుందో లేదో గాని, ఆయన చెప్పేది వచ్చే తరగతిలో మాకు చెప్పాలి.